పొదిగే పెట్టెకు జడ వేసిన రోజు

“పెద్దమ్మా, తీగల జోలికి పోకు.”

“నాకేం పనే, నువ్ పో.”

ఆ పొద్దున బొంగులూరుకు పనికి వెళ్తూ మా చెల్లెలి బిడ్డ మమత నాతో అన్న ఆఖరి మాట, దానికి నేను చెప్పిన ఆఖరి మాట అవే. ఆ తర్వాత నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నన్ను మీ ఇంట్లో టార్చిలైటు కూడా ముట్టుకోనివ్వరు.

ఇబ్రహీంపట్నంలో నాటుకోళ్లు పెంచి బతికేదాన్ని నేను. మా ఆయన పోయాక నన్ను నిలబెట్టినవి అవే. ఆ ఏడు తెగులొచ్చి కోళ్లన్నీ పోయాయి. మిగిలిన ఒక్క పెట్టనూ గుడ్లు పొదుగుతుండగా కుక్క ఎత్తుకుపోయింది. ఇక నా బతుకంతా ఆ గుడ్లలోనే.

మమత ఊరుకుంటుందా? థర్మాకోల్ పెట్టెలో బల్బు, ఫ్యాను పెట్టి, అరచేతంత బోర్డు తగిలించింది. పెట్టెలో వేడెంతో ఆ బోర్డు అంకెల్లో చూపిస్తుంది, తగ్గితే దానికి తెలుస్తుంది. అది చెప్పగానే రిలే అనే స్విచ్చు టక్కున కొట్టి బల్బు, ఫ్యాను వేస్తుంది. మనిషి చెయ్యి లేకుండా! దాని ముందు పీట వేసుకుని దేవుణ్ణి చూసినట్టు చూసేదాన్ని.

ఒక్క తీగలే నచ్చలేదు. లావువీ సన్నవీ కలిసి, వారంగా దువ్వని తలలా వేలాడుతున్నాయి. ఆడపిల్ల చేసిన వస్తువు అట్లా ఉంటే చూసినవాళ్లేమంటారు? ప్లగ్గు పీకి, తీగలన్నీ చేరదీసి, బిగించి జడ వేశాను. కొసకు రిబ్బను కూడా కట్టి మళ్లీ ప్లగ్గు పెట్టాను.

రిలే టక్కుమంది. బల్బు వెలిగింది. వెంటనే బోర్డు మీద అంకెలు మాయం, బల్బూ ఆరింది. మళ్లీ వెలగడం, మళ్లీ ఆరడం. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశాను. నాకు దగ్గొచ్చింది గానీ పెట్టెకు గుణం రాలేదు. గుడ్లు చల్లబడుతున్నాయి. ఫోను చేశాను.

“మమతా, నీ పెట్టెకు మూర్ఛొచ్చిందే!”

“ఏం జేసినవ్ పెద్దమ్మా?”

“ఏం జెయ్యలే. తీగలకు జర జడేసిన, గంతే.”

“గుడ్లు సల్లబడనియ్యకు. నేనొస్తున్న.”

గుడ్లన్నీ ఒళ్లో పెట్టుకుని, గొంగడి కప్పుకుని కూర్చున్నాను. ఎదురింటి యాదమ్మ తొంగిచూసింది.

“ఏం వదినా, ఎండల గొంగడేంది?”

“పొదుగుతున్న.”

ఆమె పరుగున వెళ్లి వాడకట్టునంతా పిలుచుకొచ్చింది.

మమత వచ్చి, జడ చూసి నెత్తి కొట్టుకుంది. “రిలే కొట్టినప్పుడల్ల ఫ్యాను తీగలల్ల కరెంటు ఎగిరి దుంకుతది. పక్కకే సన్నతీగ ఉంటే దాంట్ల గూడ లొల్లి లేస్తది. బోర్డు బెదిరి మొదటికొస్తది.”

“మీద ప్లాస్టిక్ తొడుగుంది గదనే? ఒకదాన్నొకటి తాకనే లేదు!”

“తాకుడు అక్కర్లేదు పెద్దమ్మా.”

తాకకుండా, పలకకుండా, ఒక తీగ గుండెదడ పక్క తీగకు తెలిసిపోతుందట!

మమత జడ విప్పి, సన్న తీగల్ని పెట్టెకు ఆ పక్కనుంచి, లావు తీగల్ని ఈ పక్కనుంచి పోనిచ్చింది. ఫ్యానువి రెండు మాత్రం ఒకదానికొకటి మెలివేసింది. “పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాని లొల్లి ఒకటి అణుస్తయి,” అంది. ప్లగ్గు పెట్టింది. టక్! బోర్డు మీద అంకెలు రెప్ప కూడా వేయలేదు.

“ఇగ గుడ్లియ్యి పెద్దమ్మా.”

“ఆగే.”

ఒళ్లో ఏదో పొడిచింది. గొంగడి ఎత్తితే, ఒక గుడ్డు పెంకుకు ఆవగింజంత చిల్లు, అందులో చిన్న ముక్కు కొస. అందరూ మీద మీదకు వంగి చూశారు.

“వదినా, నిజంగనే పొదిగినవ్!” అంది యాదమ్మ.

ఆ కోడిపిల్ల సాక్షిగా ఒట్టు వేశాను. ఇక వెంట్రుకలకే జడ వేస్తాను. కరెంటు పారే దేనికీ దువ్వెన కూడా చూపించను.

నేను జెప్పిందంతా రాసినవా మమతా? ఏదీ, జర మొదటికెల్లి సదివి ఇనిపియ్యి బిడ్డా.