చవుటి నీళ్లలో తెల్లచీర

ఈ ఉదయం సబ్బుపొడి డబ్బా బోర్లించి కొట్టినా చిటికెడు రాలలేదు. మనవరాలి తెల్ల చున్నీ మీద పప్పు మరక పడింది, బడికి పోయేలోగా అది ఉతికి ఆరాలి. స్నానాలగదిలో అరిగిపోయిన సబ్బుముక్క దొరికితే దానితోనే రుద్దాను. పసుప్పచ్చ మరక నా వేళ్ల కిందే ఎర్రగా తిరిగింది. పిల్ల గాబరాపడింది గానీ నాకు మాత్రం నవ్వాగలేదు. జమ్మలమడుగులో మా పక్కింటి బీబమ్మత్త కళ్లముందు నిలబడింది. ఆమెను మీరు చూసి ఉంటే, ముందు ఆ గొంతుకు జడుసుకొని, ఆ తర్వాత ఆమె వెంటే తిరిగేవాళ్లు.

బీబమ్మత్త భర్త జట్కా తోలేవాడు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య మనిషి రొమ్ముల ఎత్తున్న మట్టిగోడ ఒకటే. ఆమె వాకిట్లోకి వచ్చి మాట్లాడింది తక్కువ, గోడ మీద మోచేతులు ఆనించి మాట్లాడిందే ఎక్కువ. మా అమ్మను వదినా అనేది, నన్ను ఏమ్మే అనేది. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. నాకు కడపలో నర్సు శిక్షణకు సీటు వచ్చింది. నాన్న సరేనన్నాడు. అమ్మకే ఇష్టం లేదు. ఊళ్లోవాళ్ల పుండ్లు కడిగే పని ఆడపిల్లకెందుకని ఒకటే సణుగుడు. గోడ అవతలి నుంచి బీబమ్మత్త ఊరుకుంటుందా?

"ఏం వదినా, రేపు నీకు జరమొస్తే ఎవురు సూడాల? దేవుడు సెంబు పట్టుకోని దిగొస్తాడా?"

అయినా అమ్మ మనసు మారలేదు.

మచ్చలేని తెల్లచీరతో వచ్చి చేరమన్నారు. నాన్న ప్రొద్దుటూరు నుంచి మంచి నూలుచీర తెచ్చాడు. కొత్తబట్టకు పసుపు పెట్టకుండా కట్టుకోవడం మా ఇంట్లో లేదు. కొసన చుక్క పెడితే చాలు, కానీ అమ్మకు నా మీద ఉన్న బెంగంతా ఆ చేతిలోకి వచ్చినట్టుంది, నాలుగు కొసలకూ దండిగా మెత్తింది. మడత పెట్టేసరికి అది మధ్యకూ అంటుకుంది. ఉతుకుదామంటే సబ్బు లేదు. మా ఊళ్లో చినుకు పడలేదు, ఎండ నిప్పులు చెరుగుతోంది. కానీ ఎగువన ఎక్కడో కురిసిన వానకు పెన్న పొంగి, సరుకుబండ్లు అవతలి గట్టునే ఆగిపోయాయి. అంగళ్లలో సబ్బుబిళ్ల కరువైంది. ఏట్లో నీళ్లు తగ్గుతున్నాయని కబురొచ్చింది. ఎల్లుండి నేను బయలుదేరాలి.

"సబ్బు లేకుంటే మన అవ్వలు మురికిబట్టలే కట్టుకున్యారా? ఇట్లా తే!" అని బీబమ్మత్త చీర లాక్కుంది. చేనిగట్టు నుంచి తెచ్చిన చవుడుమట్టిని కుండలో నానబెట్టి, పైకి తేరిన నీళ్లు వంచి, చీర అందులో ముంచింది. మురికిని చవుడు భలే తింటుందని ఆమెకు గొప్ప నమ్మకం. ఆ ధీమాలో పసుపు సంగతి ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఎత్తి చూస్తే తెల్లచీర నిండా నెత్తుటి మరకలు!

అమ్మ గుండెలు బాదుకుంది. "తెల్లబట్ట మీద నెత్తురు! ఇంతకన్నా ఏం సెప్పాల తల్లీ దేవుడు? నువ్వు పోవద్దు, అంతే." నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ మాట కాదని నాన్న నన్ను పంపడని నాకు తెలుసు.

బీబమ్మత్త మాత్రం చీర చూసి పడీపడీ నవ్వింది. "అయ్యో నా మతి మండ! వదినా, పెండ్లికూతురు కాళ్లకు పారాణి యాడనుంచి వస్తాది? పసుపూ సున్నమే కదా కలిపేది. ఈ మట్టిదీ సున్నం గుణమే, ఆ ఎరుపే ఇది. ఆడ శుభం, ఈడ అపశకునమా?"

అమ్మ వినలేదు. మాటలతో పని కాదని అత్తకు అర్థమైంది. ఊరగాయకని తెచ్చుకున్న నిమ్మకాయలు కోసి మరకల మీద పిండింది. ఎరుపు పోయి మళ్లీ పసుపొచ్చింది. "ఇంగ దీన్ని ఎండే తినాల" అంటూ చీర మిద్దె మీదికి మోసుకుపోయి పరిచింది. ఆరిన చోటల్లా నీళ్లు చల్లుతూ కూర్చుంది. కాసేపటికి కిందికి వచ్చి, మూతి ముడుచుకొని కూర్చున్న అమ్మ చేతిలో చెంబు పెట్టింది.

"నీ బిడ్డ చీర. నువ్వే సల్లు."

అమ్మ విసుక్కుంటూనే మిద్దె ఎక్కింది. పొద్దెక్కే కొద్దీ పసుపు పలచబడింది. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే అమ్మ దిగలేదు. సాయంత్రం చీర భుజాన వేసుకొని దిగి వచ్చి, ఒక కొసను వెలుతురుకు పట్టి చూసి, "ఇంగేం కనపడదులే. పెట్టెలో సర్దుకో" అంది. మూడోనాడు పెన్న దాటాక, బీబమ్మత్త భర్త జట్కాలోనే ముద్దనూరు రైలుకు పోయాను.

ఆసుపత్రిలో జ్వరంతో ఉన్న పిల్లల తల్లులు ఏడుస్తూ మంచం పట్టుకొని వేలాడేవాళ్లు. వాళ్లను బయటికి పంపడం సులువు. నేను పంపలేదు. తడిగుడ్డ చేతికిచ్చి, "నీ బిడ్డే కదమ్మా, నువ్వే తుడువు" అనేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా భయపడుతుంటే నా కళ్లు ముందు వాళ్లకో పని కోసమే వెతుకుతాయి.

సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి గర్వంగా బీబమ్మత్తకు చెప్పాను. ఆమె గోడ మీద నుంచి పకపకా నవ్వింది. "అంత తెలివి నాకు యాడిదిమే! ఎండకు నా నెత్తి మాడిపోతాంటే సెంబు మీయమ్మకిచ్చినా."

బియ్యంలో రాళ్లేరుతున్న అమ్మ తలెత్తలేదు.

"ఆ సెంబు నా సేతికి రాకుంటే నిన్ను గడప దాటనిచ్చేదాన్ని కాదే" అంది.