పరుపుల హాజిరా పుట్టి ప్రయాణం

గద్వాల కోట వెనక సందులోకి తిరగగానే దూది ఏకే మిషన్ చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు సుభాన్‌ది. గడప ఇవతల చాప పరుచుకుని, దూది నింపిన పరుపు మీద మోకాలు ఆనించి, దబ్బనంతో కుట్టుకుంటూ కూర్చునే మనిషి అతని భార్య హాజిరా. పెళ్ళిళ్ళ రోజుల్లో వాళ్ళ పరుపులు ధరూరు నుంచి మానవపాడు దాకా ఆటోల నెత్తిన ఎక్కి పోయేవి. హాజిరా కుట్టిన పరుపులో దూది ఒక మూలకు జరిగిందని ఎవరూ తిరిగి తెచ్చింది లేదు. అంతా ఆమె వేసే ముడిలో ఉంది. దారాన్ని మెలేసి, మోకాలితో నొక్కి బిగించేది. దాన్ని ఎంత లాగితే అంత బిగుస్తుంది. విప్పాలంటే లాగడం మానేయాలి. దారం వదులుచేసి, నడిమి మెలికను గోటితో వెనక్కి నెట్టాలి.

ఏకే మిషన్‌కు ఇనుప పళ్ళుంటాయి. పాకే పిల్లలకు వాటికంటే ముచ్చటైన వస్తువు ఇంట్లో ఇంకొకటి ఉండదు. అందుకని హాజిరా తన ముగ్గురు పిల్లలనూ, పాకడం మొదలుపెట్టిన నాటి నుంచి బుద్ధి తెలిసేదాకా, నడుముకు చీర పేలిక చుట్టి మంచం కోడుకు కట్టేసి పని చేసుకునేది. పెద్దవాడు యాసర్, నడిమిది మహీన్, చిన్నవాడు ఆమిర్, ముగ్గురూ అట్లాగే పెరిగారు.

"లేగదూడల లెక్క కడ్తవేందే పిల్లలను?" అని అత్త సణిగేది.

"దూడలకు చేతులుండవు గద అత్తమ్మా, తెగనీకె" అనేది హాజిరా, తల ఎత్తకుండానే.

సుభాన్ తీరు వేరు. మే నెలలో పెళ్ళి పరుపుల పని ముగిసిందంటే చాలు, మిషన్ మీద గోనెపట్టా కప్పేసి, "నడువుండ్రి" అని బయలుదేరదీసేవాడు. ఒక వేసవి రాజోలి దగ్గర తుంగభద్ర ఇసుకలో చెలిమలు తోడించాడు. ఇంకో వేసవి పత్తి లారీ మీద, బేళ్ళ నడుమ కూర్చోబెట్టి వనపర్తి దాకా తిప్పుకొచ్చాడు. కృష్ణ అవతల ఉన్న హాజిరా అక్క షబానా ఊరికి పుట్టిలో తీసుకుపోయాడు. పిల్లలకు అవి పండుగలు. హాజిరాకు మాత్రం దినమంతా తలలు లెక్కపెట్టుకునే పని. "నువ్వు రాకు, ఇంట్ల పండుకో" అని సుభాన్ నవ్వితే, "నేను రాకపోతె నువ్వు ముగ్గురిని తీస్కపోయి ఇద్దరిని తెస్తవ్" అని మూట నెత్తిన పెట్టుకునేది.

రెండు వేల నాలుగు చలికాలం వెళ్ళలేదు, సుభాన్ వెళ్ళిపోయాడు. ఏళ్ళకేళ్ళు పీల్చిన దూది ధూళి ఛాతీలో గడ్డకట్టిందన్నారు దవాఖానలో. మిషన్ మీద గోనెపట్టా అట్లాగే ఉండిపోయింది. ఏకిన దూది బయట కొని తెచ్చుకుని, భర్త పోయాక పాటించే ఇద్దత్ నాళ్ళలో కూడా గడప దాటకుండా పరుపులు కుట్టింది హాజిరా. మే వచ్చింది. ఆఖరి పెళ్ళి పరుపు ఆటో ఎక్కిన సాయంత్రం మహీన్ అడిగింది: "ఈపారి ఎటు పోతున్నమే అమ్మా?"

"ఏడాది తిరగలే. ఎక్కడికి పోతరే?" అంది అత్త.

అప్పటిదాకా హాజిరాకు పోయే ఆలోచనే లేదు. పిల్లల ముఖాలు చూసింది. ఈ వేసవి ఇంట్లో కూర్చుంటే వచ్చే వేసవీ కూర్చుంటారు. తండ్రితో పాటు వాళ్ళ వేసవులను కూడా పూడ్చినట్టే. కానీ ముగ్గురిని తీసుకుపోయి ముగ్గురినీ తిరిగి తేవాలి. ఇప్పుడు ఆమె ఒక్కతే.

"షబానక్క తాన్కి పోతం" అంది. "ఏరు దాటి."

ఆ రాత్రి పరుపు దారాన్ని మూడు పేటలుగా పేని మూటలో పెట్టుకుంది.

ధరూరు దాకా ఆటోలో, అక్కడి నుంచి ఏటి దాకా కాలినడకన పోయారు. జూరాల కట్ట కట్టాక వెనక్కి నిలిచిన నీళ్ళు అవి. ఎండాకాలం కాబట్టి బాగా తీశాయి. ఎన్నడో మునిగిన చింతచెట్ల మోళ్ళు నీళ్ళలోంచి నల్లగా పైకి లేచి ఉన్నాయి. ఒడ్డున వెదురు బద్దలతో అల్లి, అడుగున ఎరువు సంచులు కుట్టి తారు పూసిన గుండ్రటి పుట్టి ఉంది. పుట్టి నడిపే రాములుకు సుభాన్ తెలుసు. సుభాన్ లేడనీ తెలుసు. "ఎక్కు చెల్లె, నీళ్ళు తాగొస్త" అని పైనున్న గుడిసె వైపు పోయాడు.

హాజిరా చుట్టూ చూసింది. ఎవరూ లేరు. పిల్లలను వరసగా అంచు పక్కన కూర్చోబెట్టి, దారం తీసి, ఒక్కొక్కరి నడుముకూ చుట్టి, పుట్టి అంచు వెదురుకు కట్టేసింది.

"నేను చిన్నోన్నా అమ్మా?" యాసర్ ముఖం ఎర్రబడింది. తొమ్మిదేళ్ళ వాడు.

"నోరు మూస్కో. దుప్పటి కప్పుత. ఎవలికి కనవడదు."

వాడు సిగ్గుతో ఒకటి రెండుసార్లు గుంజుకున్నాడు. ముడి తన పని తాను చేసింది.

రాములు వచ్చాడు. అతని వెనకే అవతలి ఊరి నారాయణమ్మ, గంప కింద రెండు కోళ్ళతో వచ్చి ఎదురుగా చతికిలబడింది. "ముగ్గురు పిల్లలు, ఒక్కలు కదులుతలేరు. మందు పెట్టినవా ఏంది బిడ్డా?" అంది. హాజిరా నవ్వి, పిల్లల మీద దుప్పటి సర్దింది. తెడ్డు పడింది. పుట్టి మెల్లగా తిరుగుతూ సాగింది. ఒడ్డు దూరమైంది. పిల్లల తలలు లెక్కపెట్టాల్సిన పని లేకుండా హాజిరా నీళ్ళను చూడడం అదే మొదటిసారి. చల్లగాలి ముఖానికి తగిలింది. సుభాన్ ఇక్కడికి ఎందుకు తెచ్చేవాడో కొంచెం అర్థమైనట్టే అనిపించింది.

సగం ఏరు దాటారో లేదో, పడమట మట్టిరంగు తెర లేచింది.

"గాలిదుమారం" అన్నాడు రాములు. అతని గొంతు మారిపోయింది. "అందరు గాలి వచ్చే దిక్కు జరుగుండ్రి. లెవ్వొద్దు, కూసునే జరగాలె. అటు బరువుంటెనే పుట్టి నిలుస్తది."

నారాయణమ్మ కోళ్ళ గంపను లాక్కుంటూ జరిగింది. హాజిరా కదిలింది. పిల్లలు కదల్లేదు. వాళ్ళు కూర్చున్న వైపు అంచు కిందికి వాలింది. మొదటి అల దాని మీద నుంచి పొర్లి ఆమిర్ వీపును తడిపింది. వాడు కెవ్వుమన్నాడు.

"ఏయ్ పిలగా, ఇటు జరుగంటె ఇనవడ్తలేదా?"

యాసర్ తల్లి ముఖం చూశాడు.

రాములు తెడ్డు కొనతో దుప్పటి లేపాడు.

"గిదేంది?"

"నీళ్ళల పడ్తరని, అన్నా..." అంది హాజిరా.

"పడ్తె పట్టుకుంటం. పుట్టి బోర్ల వడ్తెనో?" అతను నారాయణమ్మ గంప వైపు చూపించాడు. "గా కోళ్ళ లెక్క కిందనే ఉంటరు ముగ్గురు. ఇప్పు. జల్ది ఇప్పు!"

"కొడవలి లేదార రాములు?" అంది నారాయణమ్మ.

"గుడిసెల ఉంది."

గాలి వచ్చి పడింది. పుట్టి గిరగిరా తిరిగింది. రాములు తిట్టుకుంటూ తెడ్డు వేసి వేసి ఒక చింతమోడు దగ్గరికి తోసుకుపోయాడు. మోకాళ్ళ మీద లేచి, ఎండిన కొమ్మను రెండు చేతులా కావలించుకున్నాడు. "నా చేతులు గీడనే. నేనేం జేయలేను. నువ్వే జూడాలె చెల్లె. అవ్వా, నువ్వు గా దిక్కు వాలు, నీ బరువంత వెయ్యి!"

"నా బరువెంతరా, నువ్వు సల్లగుండ" అంటూనే నారాయణమ్మ గాలి దిక్కు అంచు మీద బోర్లా పడుకుంది. కోళ్ళు గంప కింద గోల పెట్టాయి.

హాజిరా ముందు చిన్నవాడి దగ్గరికి పాకింది. ముడి దొరికింది. దారం బిగదీసి ఉంది. వాడు తల్లి మీదికి రావాలని శక్తికొద్దీ గుంజుకుంటున్నాడు. గుంజుకున్న కొద్దీ బిగుస్తోంది. వదులు కావాలంటే వాడు అంచుకు ఆనాలి, నీళ్ళ వైపు వంగాలి. ఇన్నేళ్ళుగా ఏ వైపు పోనివ్వకుండా కట్టేసిందో, ఆ వైపుకే తన చేతులతో తోయాలి. తోసింది. "అమ్మా!" అని వాడు ఆమె మెడకు వేలాడాడు. ముడి ఇంకా బిగిసింది.

"అమ్మా, ముందు నాది ఇప్పు" అంది మహీన్. "వాడు నన్ను జూసి జేస్తడు."

తల్లి జవాబు కోసం చూడకుండానే ఆ పిల్ల వెదురు అంచుకు చెంప ఆనించి, నీళ్ళ మీదికి వంగింది. అల ఒకటి ఆమె జుట్టును తడిపి పోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని, "ఆమిర్, లోపల చేపలు మాట్లాడుతున్నయ్‌రా, ఇను" అంది. దారం వదులైంది. హాజిరా గోరు మెలికలో దూరింది. ముడి జారింది. మహీన్ పాక్కుంటూ పోయి నారాయణమ్మ నడుము పట్టుకుంది.

ఆమిర్ ఏడుపు ఆపి చూస్తున్నాడు. "నేను గూడ ఇంట" అన్నాడు. వంగాడు. వాడి చెవి నీళ్ళకు బెత్తెడు దూరంలో ఉంది. హాజిరా వాడి ముఖం చూడలేదు. చూస్తే చేతులు ఆగిపోతాయి. వేళ్ళనే చూసుకుంటూ నెట్టింది, నెట్టింది. విడిపోయింది. వాడిని చంకల కింద పట్టి మహీన్ వైపు తోసింది.

మిగిలింది యాసర్. వాడి ముడి రాయిలాగా ఉంది. తడిసి ఉబ్బి, గోరు కూడా దూరడం లేదు. ఒక గోరు విరిగింది. పంటితో కొరికింది. పేనిన పరుపు దారం తెగేది కాదు.

"నాయిన ఉంటే గిట్ల గట్టకపోతుండె" అన్నాడు యాసర్, ఏడుస్తూ.

ఆమె పళ్ళ నడుమ దారాన్ని వదిలింది.

"అవు, గట్టకపోతుండె" అంది. "మీ నాయినకు ధైర్నముండె. నాకు లేదు. కని ఇప్పుడు ఉన్నది నేనే. నువ్వు అంచు మీదికి వంగు బిడ్డా. గుంజకు."

వంగాడు. చింతకొమ్మ పటపటమంది. "ఇగ ఆగదు చెల్లె!" అని అరిచాడు రాములు.

"పిన్నీసు!" అంది హాజిరా. "అవ్వా, పిన్నీసు!"

నారాయణమ్మ రవికె నుంచి పిన్నీసు పెరికి మహీన్ చేతికిచ్చింది. మహీన్ తల్లికి అందించింది. దాన్ని దబ్బనంలా పట్టుకుని మెలిక నడుమ పొడిచింది హాజిరా. పిన్నీసు వంగింది. మళ్ళీ పొడిచింది. దారం కింద వెంట్రుకంత సందు. అందులో పన్ను పెట్టి లాగింది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. ముడి విడింది. అదే ఊపున కొమ్మ విరిగింది.

పుట్టి బొంగరమైంది. రాములు అందరినీ గాలి దిక్కు అడుగున బోర్లా పడుకోమన్నాడు. తెడ్డు వేయడం మానేశాడు. అలతో కొట్లాడకుండా అది ఎటు తీసుకుపోతే అటు పోనిచ్చాడు. వాన దిగింది. సద్దిగిన్నెతో నారాయణమ్మా యాసరూ నీళ్ళు తోడిపోస్తూనే ఉన్నారు. హాజిరా ముగ్గురిలో ఎవరినీ పట్టుకోలేకపోయింది. దారం కోసిన వేళ్ళకు పట్టు దొరకలేదు. పిల్లలే ఆమె కొంగు పట్టుకున్నారు.

చివరికి షబానా ఊరికి చాలా దూరంలో, ఒక బురద ఒడ్డుకు పుట్టి తగిలింది. రాములు దిగి, బురదలోనే కూలబడి, బీడీ కోసం వెతుక్కుని, అది తడిసిందని పారేశాడు.

"కోపమైతే తిట్టు అన్నా" అంది హాజిరా.

"ఏం తిడ్త? మంచానికి గడ్తె మంచం మునుగదు చెల్లె. గిది పుట్టి." చేతి బురద దులుపుకుంటూ అన్నాడు, "వాపస్ బస్సుకు పో. రస్తా ఉంది గద. చుట్టు అయితది, అంతె."

నారాయణమ్మ గంప ఎత్తి చూసింది. "కోళ్ళు బతికినయ్. నా పిన్నీసే పాయె" అంది.

ఒడ్డు వెంట నడిచి అక్క ఇల్లు చేరారు. రెండు మూడు రోజులు షబానా పిల్లలను గడప దాటనివ్వలేదు. బస్సు టైములు కనుక్కొచ్చింది. పిల్లలు అరుగు మీద వరసగా కూర్చుని, ఎవరూ కట్టకుండానే కట్టేసినట్టు ఉన్నారు. అది చూసినప్పుడు హాజిరాకు ఏట్లో కలిగిన భయం కంటే ఎక్కువ భయమేసింది. మర్నాడు పొద్దున్నే ముగ్గురినీ వెంటబెట్టుకుని ఏటి ఒడ్డుకు పోయింది. పుట్టిని ఈ ఒడ్డుకే తెచ్చుకుని తారు పూస్తున్న రాములు తలెత్తాడు.

"ఈత నేర్పుతవా అన్నా?"

"ఎవరికి?"

"ముందు పెద్దోనికి. తర్వాత మిగిలినోళ్ళకు."

రాములు తారు చేతులు ఇసుకతో రుద్దుకున్నాడు. యాసర్‌ను నీళ్ళలోకి నడిపించుకుపోయి, పొట్ట కింద అరచేయి పెట్టి, కాళ్ళు కొట్టమన్నాడు. హాజిరా ఒడ్డున కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. పక్కన నారాయణమ్మ బట్టలు ఉతుకుతోంది.

రాములు చేయి తీసేశాడు. యాసర్ నాలుగు బారలు కొట్టి మునిగిపోయాడు. నీళ్ళ మీద బుడగలు తప్ప ఏమీ లేదు. హాజిరా సగం లేచింది.

"కూసో" అంది నారాయణమ్మ, బట్ట పిండుతూ.

ఆమె కూర్చోలేదు, పోలేదు. అట్లాగే వంగి నిలబడింది. వాడి తల ఇంకాస్త అవతల పైకి లేచింది. దగ్గుతున్నాడు, ముక్కు చీదుతున్నాడు. కళ్ళు తుడుచుకుని తల్లి కోసం ఒడ్డంతా వెతికాడు. కనిపించగానే చేయి ఊపి, మళ్ళీ నీళ్ళలోకే తిరిగాడు.