గ్లెనిస్ గారి నిషిద్ధ పదాలు

మా గ్లెనిస్ ప్యాట్రిడ్జ్ గారు తేలు కుట్టినా ఓర్చుకునేవారేమో గానీ, అర్థం తేలని మాట చెవిన పడితే మాత్రం ఓర్చుకునేవారు కారు.

బెండిగో అనే విదేశీ ఊళ్లో మాదొక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. తయారు కాబోయే సాఫ్ట్‌వేర్ ఏమేం చెయ్యాలో ముందుగా పత్రం రాసిపెట్టడం ఆవిడ ఉద్యోగం. అది చూసి మేం ప్రోగ్రాం రాయాలి. ప్రతి వాక్యానికీ ఒక నంబరు, ఒకే ఒక్క పని. ‘త్వరగా’, ‘కాస్త’, ‘ఎవరో’, ‘వగైరా’ అనే మాటలు ఆ పత్రం గుమ్మం తొక్కడానికి వీల్లేదు.

“పేజీ త్వరగా తెరుచుకోవాలి అని రాసెయ్యండి, చాలు,” అనేవాడు మా మేనేజరు డారెల్.

“త్వరగా అంటే? నువ్వు సోమవారం ఆఫీసుకొచ్చేంత త్వరగానా, శుక్రవారం ఇంటికి పోయేంత త్వరగానా?”

ఆవిడ ‘రెండు సెకన్లలో’ అని రాసుకునేవారు.

ఓసారి రిసెప్షన్‌లో కూర్చునే షార్లీన్ పుట్టినరోజు కార్డు మీద నేను ‘ఆయురారోగ్యాలు కలగాలి’ అని రాశాను. గ్లెనిస్ గారు ఎర్రపెన్ను తీశారు.

“ఇదేమిటి నాయనా? ఆయుష్షొకటి, ఆరోగ్యమొకటి. ఒకటొచ్చి రెండోది రాకపోతే మన దీవెన పాసయినట్టా, ఫెయిలయినట్టా?”

చివరికి షార్లీన్‌కి 1.1 ఆయుష్షు, 1.2 ఆరోగ్యం అని విడివిడిగా అందాయి.

ఇంట్లో మాత్రం ఊరుకునేవారా? పెళ్లికి ముందు వాళ్లాయన క్లైవ్ గారు “నిన్ను ఎల్లకాలం ప్రేమిస్తా” అన్నారట. “దాన్ని పరీక్షించేదెలా?” అని ఈవిడ. “ఏటా ఓసారి చూసుకో” అన్నారాయన, పాపం, సరసమనుకుని. ఇప్పటికీ ప్రతి పెళ్లిరోజుకీ ఫలితాలు వెలువడతాయి. అత్తగారిని స్టేషన్లో మర్చిపోయి వచ్చిన ఏడాది ఆయన ‘షరతులతో పాసు’.

నేను చేరిన కొత్తలో మాకొక ఆస్పత్రి వంటగది పని దొరికింది. ఏ రోగికి ఏ పూట ఏం పంపాలో మా సాఫ్ట్‌వేర్ చెప్పాలి. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఆ వారమే తేలాలి. పత్రంలో ఒక వాక్యం: ‘సాయంత్రం ఐదున్నరకు ప్రతి రోగికీ తప్పనిసరిగా టీ అందాలి.’ ఇంతేనా అనుకుని చకచకా రాసేశాను.

ఆస్పత్రివాళ్ల ముందు ప్రదర్శన పెట్టాం. వంటగది చూసుకునే మోయిరా తెరకేసి చూసి కళ్లద్దాలు సవరించుకుంది.

“మధ్యాహ్నం భోజనం అయ్యాక మర్నాటి పొద్దుటిదాకా మావాళ్లకు తిండేది బాబూ?”

“టీ ఉందిగా అండీ!” అన్నాను హుషారుగా. “పంచదార ఎన్ని చెంచాలో కూడా అడుగుతుంది!”

ఆ ఊళ్లో టీ అంటే సాయంత్రం భోజనం. మాంసం కూర, బంగాళాదుంప, బఠాణీలు ఉండాల్సిన చోట నేను రెండు చెంచాల పంచదార వేసి వార్డులన్నిటినీ పస్తు పడుకోబెట్టాను.

అంతకన్నా ఘోరం మరొకటుంది. గ్లెనిస్ గారి పత్రం మొదట్లోనే మాటల అర్థాల పట్టిక ఉంటుంది. ‘టీ: సాయంత్రం భోజనం. తాగేది కాదు’ అని అందులో రాసే ఉంది. టీకి అర్థం వెతుక్కునే తెలుగువాడెవడు? నేను ఆ పేజీ మొహమే చూడలేదు.

డారెల్ మొహం కందగడ్డయింది. “ఎవరి నిర్వాకం ఇది? ఆ మనిషికి సోమవారం నుంచి ఇక్కడ కుర్చీ ఉండదు!”

నా పని అయిపోయిందనుకున్నాను. పేజీ నంబరు, వాక్యం నంబరు, నా పేరు, అన్నీ గ్లెనిస్ గారి నాలుక చివర ఉంటాయి. ఆవిడ లేచి గొంతు సవరించుకున్నారు.

“అదీ... ఎవరో... ఎక్కడో... కాస్త త్వరగా రాసేసి ఉంటారు. తొందర, కంగారు, వగైరా.”

కప్పులు సర్దడానికొచ్చిన షార్లీన్ గిరుక్కున ఆవిడకేసి తిరిగింది.

“ఎవరో అంటే ఎవరండీ?” అన్నాడు డారెల్.

“ఎవరో అంటే ఎవరో! నువ్వు రోజూ వాడే మాటేగా, ఇవాళ అర్థం కావడం లేదా?”

మోయిరా ఫక్కున నవ్వింది. “పోనిద్దురూ. మా కొత్త నర్సూ అంతే. టీకి పిలిస్తే ఇంటి దగ్గర సుష్టుగా తినేసి వచ్చింది. సోమవారానికి సరిచేసి చూపించండి.”

అలా పనీ నిలిచింది, నా కుర్చీ నిలిచింది. అందరూ వెళ్లాక గ్లెనిస్ గారి బల్ల దగ్గర నిలబడ్డాను.

“గ్లెనిస్ గారూ, ఆ మాటలన్నీ మీ నోటి నుంచి...”

“పత్రంలో రాయొద్దన్నాను గానీ, నోటితో అనొద్దన్నానా? పత్రంలో మాట తేటగా లేకపోతే తర్వాత ఎవరో ఒక మనిషి మీద పడతారని కదా నా గోలంతా. అయినా మీద పడబోతే నోటిమాట కాస్త మసక చెయ్యొద్దూ?”

“కాస్త అంటే ఎంతండీ?”

“నోర్ముయ్! శనివారం మా ఇంటికి టీకి రా.”

తలూపబోయి ఆగాను. “ఏ టీ అండీ?”

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఎర్రపెన్ను అందుకున్నారు.

“పాసయ్యావు నాయనా! రాసుకో. 1.1 తినేది. 1.2 తాగేది. రెండూ తప్పనిసరి.”