తేదీ చెప్పని మామయ్య

నలభై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్న మామయ్య ఇంతవరకూ ఒక్కరికైనా అడగ్గానే "ఫలానా రోజు రండి" అని చెప్పిన పాపాన పోలేదు. ఎవరైనా గడియారం బల్ల మీద పెట్టి "ఎప్పటికవుతుందండీ?" అంటే ఆయన జవాబు ఒకటే: "విప్పితే గానీ చెప్పలేను." విప్పాక మాత్రం చెబుతాడు. చెప్పాడంటే ఆ పూటకి అది నడిచి తీరాల్సిందే. పక్క కొట్టు దర్జీ నోట "రేపు" అన్న మాట రోజుకి ఇరవైసార్లు వస్తుంది. ఆ రేపు ఎప్పుడొస్తుందో దర్జీకే తెలియదు. అందుకే వీధిలో మామయ్య మాటంటే రాతి మీద గీత.

అలాంటి మాట వీసా ఆఫీసులో కొంప ముంచింది.

ఆ సంగతి ముందుగా తెలిసింది మేనకోడలికి. ఆమెది వీధి మలుపులో జిరాక్స్ కొట్టు. చుట్టుపక్కల వాళ్ల ఫారాలన్నీ ఆమె చేతి మీదుగానే వెళతాయి గనక అందరూ "ఫారాలక్క" అంటారు. ఆ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. మొదట నింపిన పది ఫారాలూ పది రకాల తప్పులతో తిరిగొచ్చాయి, పదకొండోది నిలబడింది. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన ప్రతి మనిషీ ఇంటికి పోకముందే ఆమె కొట్టు దగ్గర ఆగి, లోపల ఏమేం అడిగారో చెప్పిపోవాలి. అవన్నీ అట్ట ఊడిపోయిన ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆ రోజు మామయ్య చెబుతుంటే రాస్తూ రాస్తూ ఆమె పెన్ను ఆగిపోయింది.

"మళ్లీ చెప్పు మామయ్యా. ఎందుకు వెళుతున్నారని అడిగితే ఏమన్నావు?"

"ఉన్నదే అన్నాను. వదినగారింట్లో గోడగడియారం ఆగిపోయింది, చూడాలి అన్నాను."

"ఎన్ని రోజులుంటారు అంటే?"

"విప్పితే గానీ చెప్పలేనన్నాను."

ఫారాలక్క నోటుబుక్కు మూసేసింది. చూసి రావడానికి ఇచ్చే వీసాకి వెళ్లి, పని చేయడానికి పోతున్నాను, ఎప్పుడొస్తానో తెలీదు అని ఈయనే చెప్పుకొచ్చాడు. ఇక ఆయనకైనా, కూడా వెళ్లిన అత్తయ్యకైనా వాళ్లెందుకిస్తారు?

వెనకాల నిలబడ్డ అత్తయ్య చీరకొంగు నడుముకి బిగించింది. "విన్నావుగా! దొంగ కూడా ఇంత వివరంగా ఒప్పుకోడే!"

అత్తయ్యకి కావలసింది ఒక్కటే. వాళ్లక్క సముద్రాల అవతల ఉంటోంది. చూసి పంతొమ్మిదేళ్లు. ఆవిడ గుండెకి విమానం పనికిరాదని డాక్టర్లు అన్నారు కాబట్టి చెల్లెలే వెళ్లాలి. ఫోనులో చూసుకుంటారు కదా అంటే అత్తయ్యకి ఒళ్లు మండుతుంది. "ఫోను ఎలా పట్టుకోవాలో మా అక్కకి ఈ జన్మలో రాదు. నుదురొక్కటే కనబడుతుంది. పంతొమ్మిదేళ్లుగా ఒక నుదుటితో కాపురం చేస్తున్నానే! మిగతా మనిషిని చూడాలి."

ఆ వారమంతా ఇంట్లో మామయ్యకి ఆయన మాటే ఎదురు తిరిగింది. "వంటయిందా?" అంటే "మూత తీస్తే గానీ చెప్పలేను." "నా కళ్లజోడేదీ?" అంటే "వెతికితే గానీ చెప్పలేను." ఎనిమిదో రోజున ఆయనే మేనకోడలి కొట్టు మెట్లెక్కాడు. "అమ్మాయ్, మళ్లీ పెట్టు దరఖాస్తు. లేకపోతే నా అడ్రసు నీ కొట్టే."

దరఖాస్తు పెట్టారు. మూడు వారాల గడువొచ్చింది. ఫారాలక్క రోజూ మధ్యాహ్నం ఇద్దరినీ కొట్టుకి పిలిచి తర్ఫీదు మొదలుపెట్టింది. ఆమె కౌంటరుకి ఎలాగూ అద్దం ఉంది, కింద కాగితాలు పెట్టేందుకు అర్ధచంద్రంలా కన్నం ఉంది. అచ్చం వీసా ఆఫీసే. అటువైపు ఆమె, ఇటువైపు వాళ్లిద్దరూ. వాళ్ల వెనక జిరాక్సులకొచ్చిన జనం.

ముందు అత్తయ్య.

"అక్కడ మీకెవరున్నారు?"

"మా అక్కండీ. మా అమ్మకి మేం అయిదుగురం. అక్క పుట్టినప్పుడు పెద్ద వాన అట, మా నాన్న మంత్రసాని కోసం పక్క వీధికి..."

"ఆగు అత్తయ్యా! 'మా అక్క' దగ్గర ఆపేయాలి."

"అంతేనా? మరి ఆ వాన సంగతి?"

"వాన వాళ్లకి అక్కర్లేదు."

"మనిషన్నాక కుతూహలం ఉండదా వాళ్లకి?"

జవాబు వేలెడంత ఉండాలని ఫారాలక్క తీర్మానించింది. అత్తయ్య చూపుడువేలు ఎత్తి, ఒక్కో కణుపుకి ఒక్కో మాట చొప్పున లెక్కపెట్టి మాట్లాడటం సాధన చేసింది. మూడు కణుపులకి మూడు మాటలు. నాలుగో మాట గొంతులోకి వచ్చినప్పుడల్లా ముఖం ఎర్రబడి తుమ్ము ఆపుకుంటున్నట్టు నిలబడేది.

తరవాత మామయ్య. ఆయనకి ఇంకో చిక్కు. నలభై ఏళ్లు భూతద్దం ఒక కంటికి బిగించి, రెండో కన్ను మూసి పనిచేసిన మనిషి. దేని మీదైనా మనసు పెట్టాడంటే ఎడమ కన్ను దానంతటదే మూతపడుతుంది. మేనకోడలు గొంతు మార్చి, "మీరు ఏం చేస్తుంటారు?" అనగానే ఆయన శ్రద్ధగా ముందుకి వంగాడు. ఎడమ కన్ను టక్కున మూసుకుంది.

"అయ్యో అయ్యో!" అంది అత్తయ్య. "అక్కడా ఇంతేనా? ఆ ఆఫీసరు పిల్లకి కన్ను కొట్టి వచ్చారా మీరు?"

జిరాక్సుల వరసలో ఉన్న దర్జీ, కాలరుకి గుచ్చిన సూది సర్దుకుంటూ అందుకున్నాడు. "అందుకే ఇవ్వలేదు వదినా! ఈ వయసులో అన్నయ్యకి ఎంత ధైర్యం!"

"నీ కోటు చేతులు రెండూ ఒకే పొడవున్న రోజు వచ్చి మాట్లాడు," అన్నాడు మామయ్య, రెండు కళ్లూ తెరిచి.

కన్ను సంగతి నాలుగు రోజుల్లో దారికొచ్చింది. గుచ్చి చూడకుండా అద్దం అంచుని చూడమంది మేనకోడలు. రానిది తేదీ ఒక్కటే.

"ఎన్ని రోజులుంటారు?"

"నువ్వు నెల అని చెప్పమన్నావు."

"నేను చెప్పమన్నానని చెప్పకు! నెల అను చాలు."

"ఎలా అంటానే? దారిలో ఏమవుతుందో, ఒంట్లో ఎలా ఉంటుందో. చూడని పనికి మాటిస్తే అది మాట కాదు, దర్జీ రేపు."

"అందరూ అలాగే చెబుతారు మామయ్యా."

"అందరికీ వాచీలు నేనే బాగుచేస్తున్నాను, వాళ్ల టైము సంగతి నాకు తెలీదా?"

ఇంటర్వ్యూకి ఇక అయిదు రోజులే ఉన్నాయి. అత్తయ్య వేలు దించి, గోడకి ఆనుకుని, మొదటిసారి గొంతు తగ్గించి అంది. "వదిలేయవే. ఆయన అబద్ధం ఆడలేరు, నేను అక్కని చూడలేను. రాసిపెట్టి ఉంది." ఆ మాటకి కూడా దించిన వేలి కణుపులు లెక్కపెట్టుకోవడం చూసి ఫారాలక్కకి నవ్వు రాలేదు.

మర్నాడు ఆమె కొట్టు మూసి మామయ్య దుకాణానికి వెళ్లింది. ఆయన ఒక చేతివాచీ విప్పి ఉన్నాడు. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద రేకుమూతలు. తీసిన వరసలోనే ఒక్కో మూతలో ఒక్కో మర, ఒక్కో చక్రం. వాచీ తాలూకు ముసలాయన బల్ల ముందు నిలబడి ఉన్నాడు.

"అయితే ఎప్పుడు రమ్మంటారు?"

"గురువారం, నాలుగింటికి," అన్నాడు మామయ్య తల ఎత్తకుండా.

ఫారాలక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇన్నాళ్లూ తను ఎక్కడ తప్పు చేసిందో ఆ గుడ్డ మీద కనబడింది. ఈయనకి మాట నేర్పడం దండగ, పని విప్పి చూపించాలి.

ముసలాయన వెళ్లగానే ఆమె సంచీలోంచి కాగితాలన్నీ బల్ల మీద పోసింది. వదినగారు పంపిన ఆహ్వానం ఉత్తరం, ప్రయాణం వివరాలు, ఫారం. "మామయ్యా, ఈ ప్రయాణం విప్పి చూడు. ఖాళీ మూతలివ్వు."

ముప్పై మూతలు ఆరేసి చొప్పున అయిదు వరసల్లో పెట్టింది. ఉత్తరం చూసి రోజుకొకటి చొప్పున చిన్న చిన్న చీటీలు చించి రాసింది. ఆరో తేదీ దిగడం. ఎనిమిదిన వదినగారికి డాక్టరు దగ్గర పరీక్ష. పద్నాలుగున ఆవిడ డెబ్బై అయిదో పుట్టినరోజు. ఆ పై నెల అయిదున తిరుగు విమానం. ఏమీ లేని రోజులకి "అక్కాచెల్లెళ్ల కబుర్లు" అని రాసింది. అలాంటివే ఎక్కువ.

మామయ్య భూతద్దం కంటికి బిగించాడు. ఎడమ కన్ను మూసుకుంది. ఒక్కో చీటీనీ పట్టకారుతో ఎత్తి, చూసి, మూతలో పెట్టుకుంటూ పోయాడు.  ఆఖరికి పట్టకారు చివర ఒక చీటీ మిగిలింది. పెట్టడానికి మూత లేదు.

"ఒకటి ఎక్కువొచ్చిందే," అన్నాడు.

"సరిగ్గా పెట్టలేదేమో చూడు."

"నేను సరిగ్గానే పెట్టాను. నువ్వే సరిగ్గా నింపలేదు. ఆరు నుంచి అయిదుకి అని ఉత్తరంలో ఉంది. ఫారంలో ముప్పై రోజులని రాశావు. ఇది ముప్పై ఒక్క రోజుల నెల. తేదీ చూపించే వాచీలో చక్రానికి ముప్పై ఒక్క పళ్లు ఎందుకుంటాయనుకున్నావు, అందానికా?"

ఫారాలక్క ఫారం లాక్కుని చూసింది. నిజమే. మొదటి దరఖాస్తులోనూ అదే తప్పు. నెలంటే ముప్పై అనుకుని చెయ్యి అలవాటుగా రాసేసింది. అత్తయ్య కబుర్లనీ మామయ్య మొండితనాన్నీ రెండు వారాలుగా సరిచేస్తున్న మనిషికి తన అంకె కంటికి ఆనలేదు. 

"పది తప్పులతో అయిపోయిందనుకున్నాను మామయ్యా. ఇది పదకొండోది."

"తప్పు దొరికితే పని సగం అయినట్టే," అన్నాడాయన. ముప్పై ఒకటో మూత వెతికి పెట్టి, ఆ చీటీ అందులో వేసి, కాసేపు మొత్తం చూశాడు. ఆ తరవాత అన్నాడు. "ఆ పై నెల ఏడో తేదీ పొద్దున పదింటికి కొట్టు తలుపు తీస్తాను."

"ఏడా? విమానం అయిదుకి కదా!"

"దిగేసరికి ఆరు. ఆ రోజు పడుకోవద్దూ మనిషి?"

అక్కడితో ఆగలేదు. సొరుగులోంచి, బయట పనులకి తీసుకెళ్లే రెండో జత భూతద్దం, పట్టకారు, మరలు తిప్పే సన్న పనిముట్లు అన్నీ తోలు సంచీలో సర్ది, బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మేనకోడలి చేతిలో పెట్టాడు. "వెళ్లే ముందు అడిగినా ఇవ్వకు. ఇవి చేతిలో ఉంటే నేను పనివాణ్ణి. లేకపోతే చుట్టాన్ని. గడియారం ఆగితే ఆగనీ."

సరిచేసిన ఫారం ఆ సాయంత్రమే వెళ్లింది. ఇంటర్వ్యూ రోజున లోపలికి వేరేవాళ్లని రానివ్వరు కాబట్టి ఫారాలక్క కొట్టులోనే కూర్చుని, ఒకే కాగితాన్ని మూడుసార్లు జిరాక్సు తీసింది. పన్నెండు దాటాక ఇద్దరూ వచ్చారు.

"అత్తయ్యా, ఏమైంది?"

లోపల మూడేసి మాటలు మాట్లాడి వచ్చిన మనిషి. ఆనకట్ట తెగింది.

"ఏమవుతుందే, పొద్దున ఆరింటికే లేచామా, నేను నీలం చీరా ఆకుపచ్చ చీరా అని..."

"ఇచ్చారా లేదా?"

"చెప్పనీ! వరసలో మా ముందు ఒకాయన, పాపం ఒకటే దగ్గు..."

చీర, దగ్గు, మెటల్ డిటెక్టరు దగ్గర మోగిన మామయ్య బెల్టు, అన్నీ అయ్యాక గానీ కిటికీ రాలేదు. "ఎన్ని రోజులని అడిగిందే ఆ ఆఫీసరు. ఈయన ముప్పై ఒక్క రోజులన్నారు. నెల అనొచ్చుగా అందామె. నెలలు పొడుగూ పొట్టీ ఉంటాయమ్మా, రోజులుండవు అన్నారు. ఏడో తేదీ పదింటికి కొట్టు తెరవాలి, విప్పి చూసే చెబుతున్నాను అన్నారు. అక్కడ మీరేం చేస్తారు అంది. నా గుండె ఆగిందనుకో. కాలు తొక్కుదామంటే ఈయన దూరంగా నిలబడ్డారు!"

"ఏమన్నావు మామయ్యా?"

"ఉన్నదే అన్నాను. మా ఆవిడా వాళ్లక్కా మాట్లాడుకుంటారు, నేను వింటాను అన్నాను."

"అప్పుడామె నన్ను చూసిందే. నేను నోరు మూసుకుని వేలు ఇలా పట్టుకుని నిలబడ్డాను. అయినా నవ్వింది!"

"మరి ఇచ్చినట్టేనా?"

మామయ్య కుర్చీలో కూర్చుని బెల్టు సర్దుకున్నాడు. "పాస్‌పోర్టులు ఉంచుకున్నారు. కవరు పంపిస్తారట. విప్పితే గానీ చెప్పలేను."

కవరు ఆరో రోజున ఫారాలక్క కొట్టు చిరునామాకే వచ్చింది. కబురందుకుని ఇద్దరూ వచ్చారు. అత్తయ్య నోట ఒక్క కణుపు మాట కూడా లేదు. ఫారాలక్క కత్తెర తీయబోతే మామయ్య ఆపాడు. జేబులోంచి వాచీ మూత తెరిచే పల్చటి కత్తి తీశాడు.

"అన్నీ బీరువాలో పెట్టావనుకున్నాను!"

"ఇదొక్కటి మర్చిపోయాను," అన్నాడు ముఖం చూపించకుండా. జిగురు గీత మీదుగా, కాగితం చిరగకుండా, పావు అంగుళం చొప్పున కవరు తెరిచాడు. దర్జీ కూడా తన "రేపు"లన్నీ వదిలేసి వచ్చి వెనక నిలబడ్డాడు. మొదటి పాస్‌పోర్టు తిప్పితే వీసా. రెండోది తిప్పితే వీసా.

అత్తయ్య రెండు పుస్తకాలూ చేతిలోకి తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, మళ్లీ కిందది పైన పెట్టి, అద్దం మీదికి వంగి అలాగే ఉండిపోయింది. ఆ పని కాసేపు పడుతుందని తెలిసి ఎవరూ కదిలించలేదు. ఫారాలక్క కత్తి అందుకుని బీరువా తాళంచెవి పక్కన సొరుగులో పడేసింది.

తరవాత అత్తయ్యే ఫోను తీసి వాళ్లక్కకి కలిపింది. తెర నిండా నుదురు వచ్చింది.

"ఏమైందే?" అంది నుదురు.

అత్తయ్య  ఫోను మామయ్య చేతిలో పెట్టి, చెప్పండన్నట్టు చెయ్యి ఊపింది.

"ఏమయ్యా, ఎప్పుడొస్తున్నారు?" అని అడిగింది వదినగారు.

మూడు వారాల తర్ఫీదు ఊరికే పోతుందా? మామయ్య నిటారుగా నిలబడి, తెర అంచు వైపు చూస్తూ, తడుముకోకుండా చెప్పాడు. "వచ్చే నెల అయిదో తేదీ తిరుగు విమానానికి బయల్దేరి ఇంటికొచ్చేస్తాం వదినగారూ. ఏడున పదింటికి కొట్టు తెరవాలి."

తెర మీద నుదురు ముడతలు పడింది.

"ఒసేయ్, ఎక్కడున్నావే? ఇంకా రానేలేదు, అప్పుడే పోయే రోజు చెబుతున్నాడేంటే మీ ఆయన!"

ఆవిడ నవ్వుకి ఫోను చేతిలో అదిరినట్టుంది, తెర కిందికి జారింది. నుదురు పోయి కళ్లొచ్చాయి, ముక్కొచ్చింది, పళ్లు లేని నోరొచ్చింది. అత్తయ్య ఫోను లాక్కుంది.

"అక్కా, కదలకు! అలాగే ఉండు!"