ఖాలా చెయ్యి పడని తట్ట

ఎనభైల్లో తాండూరులో మా పక్కింటి ముస్లిం పిన్నిని అందరం ఖాలా అనేవాళ్లం. ఆమె ఒక్క మాట కూడా కూర్చుని పూర్తి చేసేది కాదు. "జర ఆగు బిడ్డా" అని లేచి, పెరట్లో గోనెసంచుల పందిరి కిందికి ఉరికేది. అక్కడ తట్టల్లో ఇసుక పోసి వేలెడంత మెంతికూర పెంచి అమ్మేది. ఎండ ఎక్కువైతే చేదెక్కుతుందని నీడకు లాగేది, నీడలో పాలిపోతుందని మళ్లీ ఎండకు జరిపేది. మధ్యాహ్నం కింద పరిచిన నాపరాయి కాలుతుందని తట్టలన్నీ ఎత్తి పీటల మీద పెట్టేది.

ఆమె కూతురు తొలికాన్పుకు పుట్టింటికి రానంది. వికారాబాద్‌లో అత్త దగ్గరే ఉండిపోయింది. "అమ్మీ నన్ను జరసేపు నిమ్మలంగ కూసోనియ్యది" అన్నదట. ఆ మాట నాకు చెప్పి ఖాలా నవ్వింది, నవ్వుతూనే లేచింది.

నెలలు నిండాయని కబురు వచ్చింది మొదలు తట్టలను ఒక్కచోట ఉండనివ్వలేదు. తడి ఆరకముందే మళ్లీ నీళ్లు చల్లేది.

"కుళ్లిపోతయ్ ఖాలా. నువ్వే పోయి బిడ్డను చూసి రారాదూ?" అన్నాను.

"రమ్మనలే కదా" అంటూ మళ్లీ చెంబు ముంచింది.

అల్లుడు మిఠాయితో వచ్చేసరికి మొలకలన్నీ నల్లబడి ఒరిగిపోయాయి. నీళ్లకుండ వెనక మరిచిపోయిన ఒక్క తట్ట మాత్రం ఆ కుండ చెమ్మతోనే పచ్చగా, ఒత్తుగా ఎదిగింది. ఖాలా దాన్ని కోసి, తడిగుడ్డలో చుట్టి అల్లుడి చేతికిచ్చింది.

"బాలింతకు మంచిది. దీని మీద నా చెయ్యి పడలేదని చెప్పు, తింటది."