చిక్కుడాకుకు కొబ్బరినూనె

ఆ రోజుల్లో నాకు లైబ్రరీ కార్డంటే ముక్కుపుడకంత గొప్ప. మా ముత్తాతలు చెరకుతోటల పనికి ఓడెక్కి వచ్చి స్థిరపడ్డ సీ కౌ లేక్‌లో మా వీధిలో ఏ మొక్క వాడినా పుస్తకం తెచ్చి చదివి వినిపించేదాన్ని. (ఎవరూ అడక్కపోవడం నన్నెప్పుడూ ఆపలేదు.) తెల్లవాళ్ళ పెత్తనం పోయి మావాళ్ళందరికీ తొలిసారి ఓటు వచ్చిన ఆ ఏడు మా అవ్వ ఒక మొక్కు మొక్కింది: ఓటేసి వచ్చిన రోజు తన పెరట్లోని చిక్కుడుకాయలు వండి వీధంతటికీ పెట్టాలని. పాదు విరగగాసింది. సరిగ్గా అప్పుడే ఆకుల మీద తుప్పులాంటి ఎర్రపొడి లేచింది. అవ్వ మొహం చిన్నబోయింది. నేను మాత్రం (సిగ్గులేకుండా) సంబరంగా లైబ్రరీకి పరుగెత్తాను.

"ఇది శిలీంధ్రం అవ్వా, బూజు జాతి. కళ్ళుండవు. ఆకు మీద పడ్డ బీజం దారంలాంటి మొలక వేసి, ఆకు ఊపిరి తీసుకునే రంధ్రం కోసం తడుముకుంటూ పాకుతుంది. రంధ్రం చుట్టూ చిన్న గట్టుంటుంది. అది తగలగానే ఇదే గుమ్మమని అక్కడ ఉబ్బి, లోపలికి దూరి, ఆకు కణంలోకి గొట్టం దించి తిండి పీల్చుకుంటుంది."

"మీ తాత దీపం ఎయ్యకుండా గోడ తడుంకుంటా లడ్డూల డబ్బా కాడికి ఎల్లినట్టా?"

"అచ్చం అంతే!" తాత పేపరు వెనక్కి జారుకున్నాడు.

ఆ గట్టు తగలకుండా చేస్తే సరి! ఆకులకు కొబ్బరినూనె పట్టిస్తే బూజు జారిపడదూ? (పుస్తకంలో అలా లేదు, అది నా సొంత పరిశోధన.) అవ్వ, పిన్ని, నేను ఆదివారమంతా ఆకు ఆకుకూ, కాయ కాయకూ పెళ్ళికూతురికి పట్టించినట్టు నూనె పట్టించాం. "జడ కూడా ఎయ్యమంటావేటే?" అంది పిన్ని.

బూజు జారలేదు. పైగా ఎండకు ఆకులు అప్పడాల్లా మాడాయి. అవ్వ పాదు కింద కూలబడింది. అంతలో ఏటా మా కాయలు దోచుకుపోయే కోతుల గుంపు గోడ దిగింది. "హంబా! పోండెహె!" అని అక్కడి భాషలోనూ మన భాషలోనూ అదిలిస్తూ అవ్వ చీపురెత్తేలోపే పెద్దకోతి ఒక కాయ పట్టుకుంది, జారింది. ఇంకోటి పట్టుకుంది, అదీ జారింది. చేతులు వాసన చూసుకుని, గడ్డికి తుడుచుకుని, మమ్మల్ని అదోలా చూసి, గుంపుతో సహా పక్కింటి అరటిచెట్టుకు వెళ్ళిపోయింది.

ఓటేసిన రోజు వీధంతా చిక్కుడుకాయ కూర తిన్నది. కొబ్బరినూనె వాసనొస్తోందని ఎవరూ అనలేదు (తాత తప్ప). "మా పిల్ల సదువు ఇది," అని గిన్నె గిన్నెకూ చెప్పి మరీ వడ్డించింది అవ్వ. "కోతులకి మందు కనిపెట్టింది."

తర్వాత అదే పుస్తకం మళ్ళీ తెచ్చి చూద్దును కదా, మరుసటి పేజీలోనే ఉంది: ఆకు మీద తడి లేకపోతే బీజం మొలకెత్తదట. సాయంత్రాలు ఆకులు తడిసేలా అవ్వ నీళ్ళు చల్లడం మాన్పిస్తే పోయేది! ఇప్పుడు ఏ పుస్తకమైనా చివరిదాకా చదివితేగానీ నోరు విప్పను. అయినా ఎక్కడైనా కొబ్బరినూనె వాసన తగిలితే చాలు, సగం పేజీ చదివి, సీసా పట్టుకుని లోకాన్ని బాగుచేయడానికి పరుగెత్తిన ఆ పిల్ల మీద బెంగపుడుతుంది.