చేమదూడ నాది కాదు

పంటు బాబాయి పోయారని వాళ్ళ కోడలు ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు అమలాపురంలో మా ఇంట్లో కూర్చుని నా నాలుగో నవల ప్రూఫులు దిద్దుకుంటున్నాను. "పొద్దున్న కాఫీ తాగేరండీ, మంచం మీద ఒరిగేరు, అంతేనండీ. మీరంటే మావయ్యగారికి అభిమానం కదా అని చేసేను" అంది. ఎదురుగా ఉన్న ప్రూఫు కాగితం మీద చేమదూడ పేరు మూడు చోట్ల కనబడుతోంది.

పిల్లల కోసం మాయలోకాల నవలలు రాసేవాడిగా నన్ను మీలో కొందరు ఎరుగుదురు. నా పుస్తకాలు చదివినవాళ్ళకి చేమదూడ తెలుసు. ఏటి అడుగున నడిచే దూడ. చెవులు చేమాకుల్లా వెడల్పుగా ఉంటాయి, వాటి మీద నీటిచుక్క నిలవదు. గడ్డి ముట్టదు, నీళ్ళ మీద పడిన మన నీడల్ని మేస్తుంది. ఎంతోమంది పిల్లలు దాని బొమ్మ గీసి నాకు పంపారు. ఒక సభలో ఎవరో "ఇంత చక్కటి ఊహ మీకెలా వచ్చిందండీ?" అని అడిగితే, గోదావరి ఒడ్డున పుట్టినవాడికి ఊహలకేం కొదవ అన్నాను. చప్పట్లు కొట్టారు. నేను తల వంచి అందుకున్నాను.

అది నా ఊహ కాదు. బాబాయిది.

మాది రాజోలు వైపు ఒక లంక. హైస్కూలు ఏటికి అవతల. మనుషుల్నీ సైకిళ్ళనీ గేదెల్నీ దాటించే పంటు మీద బాబాయి టికెట్లు ఇచ్చేవారు. భుజం మీద తువ్వాలు, చెవి వెనక పెన్సిలు ముక్క. మా నాన్నగారికి లంకలో కొబ్బరితోటలు ఉండేవి కాబట్టి, ఏడో క్లాసు చదివే నన్ను ఆయన "అబ్బాయిగారూ, మీరు" అనేవారు. నేను ఆయన్ని "బాబాయ్, నువ్వు" అనేవాణ్ణి. ఆయన పోయేదాకా అలాగే అన్నాను. ఇప్పుడు కాగితం మీద "ఆయన" అంటున్నానంటే, ఆయన వినరన్న ధైర్యంతోనే.

ఓసారి వరదనీళ్ళు వచ్చినప్పుడు నురగ చూద్దామని పిల్లలందరం ఒక పక్కకి ఎగబడ్డాం. ఒక పిల్ల కమ్మీ మీంచి జారబోతే బాబాయి జడ పట్టుకుని వెనక్కి లాగారు. ఆ పిల్లని కొట్టలేదు, మమ్మల్ని తిట్టలేదు. మర్నాడు పంటు కదలగానే, "అర్రా, నీళ్ళ మీద నీడ పడనివ్వకండి. కింద చేమదూడ ఉంది. మీ నీడ మేసేసిందంటే ఇవాళంతా నీడ లేకుండా తిరగాలి. మాస్టారు చూసి నువ్వు రాలేదని ఆబ్సెంటు వేసేస్తారు" అన్నారు. అందరం ఒక్క గెంతులో మధ్యకొచ్చి కూర్చున్నాం. ఆ రోజు నించి చేమదూడ రోజూ మాతో ఏరు దాటింది.

పంటు ఒడ్డుకి తగలగానే, ఏ మాట మీద ఉన్నా సరే, కథ అక్కడ ఆపేసేవారు. మర్నాడు సరిగ్గా ఆ మాట దగ్గరే ఎత్తుకునేవారు. మేం నోట్సు చివరి పేజీలో ఆ మాట రాసుకుని ఆయనకి పరీక్ష పెట్టేవాళ్ళం. ఒక్కసారీ దొరకలేదు.

ఆయనకి తన దూడ విషయంలో పట్టుదల ఎక్కువ. దానికి కొమ్ములు పెడితే బాగుంటుందని ఓసారి నేను సలహా ఇచ్చాను. బాబాయి టికెట్లు చింపడం ఆపి నా వైపు చూశారు. "మీరో దూడని పుట్టించుకుని దానికి పెట్టుకోండి అబ్బాయిగారూ. ఏరు అందరిదీ. ఇది మాత్రం నాది" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. నవల రాసేటప్పుడు చేమదూడకి మొట్టమొదట పెట్టినవి కొమ్ములే.

పుస్తకం మొదటి పేజీలో "ఇందులోని ప్రాణులన్నీ రచయిత సొంత కల్పన, అనుమతి లేనిదే ఎవరూ వాడుకోరాదు" అని వేయించాను. ఆయనకి ఒక ప్రతి పట్టుకెళ్ళి ఇవ్వాలని కూడా తోచలేదు. తోచలేదనడం అబద్ధం. తోచింది. పంటు మీద టికెట్లు ఇచ్చే మనిషి పొద్దుపుచ్చడానికి చెప్పిన కబుర్లకి హక్కేమిటి అనుకున్నాను.

కిందటేడు కొత్తపేటలో ఒక పంతులమ్మ ఫోన్లో రాసే కథల్లో చేమదూడ కనబడింది. కొమ్ముల్లేకుండా. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఊరి వకీలు గారి చేత నోటీసు ఇప్పించాను. ఆ అమ్మాయి మర్యాదగానే జవాబు రాసింది. ఇది ఏటి మీద అందరూ చెప్పుకునే కథ అనుకున్నాననీ, చిన్నప్పుడు పంటు మీద టికెట్లు ఇచ్చే బాబాయి గారు చెబుతుంటే విన్నాననీ, నా పుస్తకం చదవలేదనీ.

వకీలు గారు ఆ జవాబు చదివి కళ్ళజోడు తీశారు. "జనం నోట్లో తరతరాలుగా నలిగిందయితే అది ఎవరి సొత్తూ కాదండీ. ఒక మనిషి పుట్టించిందయితే ఆ మనిషిది. ఇంతకీ దీన్ని మీరే పుట్టించేరా?" అని అడిగారు.

"నేనేనండీ" అన్నాను.

"అయితే ఆ పంటు మనిషి చేత ఒక కాగితం తీసుకురండి, చాలు."

తీసుకొచ్చాను. అది ఎలా తీసుకొచ్చానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నారు. కళ్ళకి పొరలు కమ్మాయి. గొంతు పట్టి పోల్చుకుని, "అబ్బాయిగారా! అమ్మాయ్, కుర్చీ వెయ్యి, మజ్జిగ తే" అని కోడలికి చెప్పారు. నేను నోరు విప్పకముందే, "మా మనవరాలు బడిలోంచి మీ పుస్తకం తెచ్చి చదివి వినిపించిందండీ" అన్నారు. "కొమ్ములు పెట్టేరు దానికి" అన్నారు.

"కథకి కావలసొచ్చింది బాబాయ్."

"ఆయ్" అన్నారు.

కాగితం తీసి చదివాను. చేమదూడ నా సొంత కల్పన అనీ, చిన్నతనంలో నేను పంటు మీద చెబుతుంటే తాను విన్నాననీ అందులో ఉంది. ఆయన తల వంచుకుని విన్నారు. "మీరు చెబుతుంటే నేను విన్నానాండీ?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే అడిగారు.

"వకీళ్ళ భాష బాబాయ్. అలాగే రాస్తారు."

"సరేనండి. ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించండి." కలం పట్టుకుని కాస్త ఆగారు. "ఆ అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి అబ్బాయిగారూ. పంటు మీద ఏ మూలో కూచుని విని ఉంటుంది. ఇన్నేళ్ళు గుర్తు పెట్టుకుంది చూడండి."

"ఏమీ అనను బాబాయ్" అని మాట ఇచ్చాను. ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టారు. అక్కణ్ణించి నేను నేరుగా వకీలు గారి ఇంటికి వెళ్ళి ఆ కాగితం నకలు ఆమెకి పంపించాను. వారం తిరక్కుండా ఆ అమ్మాయి రెండు ముక్కలు రాసింది: "బాబాయి గారి సంతకం చూశాను. తప్పయిపోయిందండీ, కథలన్నీ తీసేశాను." దారికొచ్చింది అని స్నేహితుల దగ్గర నవ్వాను. ఆమె భయపడింది నోటీసుకి కాదనీ, ఆ సంతకాన్ని నమ్మిందనీ నాకప్పుడు అర్థం కాలేదు.

ఈ వ్యాసం అచ్చయ్యేసరికి ఆమెకి నా ఉత్తరం చేరుతుంది. నా పుస్తకాల మొదటి పేజీ మారుతుంది, అక్కడ బాబాయి పేరు ఉంటుంది. కొమ్ములు తీసేస్తాను. ఇవి చేసినందుకు నన్ను ఎవరూ మెచ్చుకోవద్దు. ఆయన బతికుండగా చెయ్యడానికి నాకు ఏళ్ళకేళ్ళు వ్యవధి ఉంది. చివరికి చేయించింది కూడా నా మంచితనం కాదు, దినం నాడు వాళ్ళింట్లో జరిగింది.

ఆ రోజు షామియానా కింద భోజనాలు పెడుతున్నారు. ఒకామె నా పక్కకొచ్చి నిలబడి, "నేనేనండీ, మీకు క్షమాపణ రాసినదాన్ని" అంది. ఏ నిష్ఠూరమూ లేదు ఆమె గొంతులో. "ఒక్క మాట అడగనా అండీ? బాబాయి గారు మాకు చాలా చెప్పేవారు. గొడుగు కొంగ, పాములకి జోలపాడే కప్ప. అవి కూడా మీవేనా అండీ? ఏ ఒక్కటైనా ఆయనది ఉందా?"

బాబాయి కోడలు వడ్డన ఆపి మా వైపు చూస్తోంది. చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. "అవన్నీ ఆయనవేనమ్మా" అన్నాను. చెప్పవలసింది చేమదూడ మాట ఒక్కటే మిగిలింది. అప్పుడు కూడా చెప్పలేకపోయాను.

"పోనీలెండి, అవైనా ఆయనవేనన్నారు" అని ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. పంక్తి చివర కూర్చున్న పిల్లల వైపు తిరిగి, "అర్రా, చేమదూడని పుట్టించింది ఈ సారు గారే" అని చెప్పింది.

పిల్లలు విస్తళ్ళ ముందు నించి ఎంగిలి చేతులతోనే లేచారు. మంచినీళ్ళు పోస్తున్న బాబాయి మనవరాలు చెంబు కింద పెట్టి, తడి చేతులు గౌనుకి తుడుచుకుని, "నమస్కారం సార్" అని చేతులు జోడించింది. నేనూ రెండు చేతులూ జోడించాను. తిరిగి నమస్కారం పెడుతున్నాననుకుని ఆ పిల్ల నవ్వింది.